మాసిక వేయుటా, మానుటా?

కంప్యూటరు ముందు కూర్చుండి పనిలో నుండగా తెరమీద ఒక మూల చిన్న ప్రకటన కనబడును: భద్రతకు సంబంధించిన అప్‌డేటు వచ్చినది, ఇప్పుడే చేర్చుకొందురా, తరువాత చూతురా? మనలో పెక్కుమంది చేయి 'తరువాత' అను మాట మీదికే పోవును. పని ఆగిపోవునను విసుగు ఒకటి. సరిగా నడుచుచున్న యంత్రమును కదిలించి చెడగొట్టుకొనుట ఎందుకను శంక మరియొకటి. నా చేయియు చాలకాలము అటే పోయెడిది. ఈ శంక అర్థరహితమని నేననను. దానికి చరిత్రలో ఆధారములు కలవు. విసుగునకు మాత్రము లేవు.

ఇట్టి దిద్దుబాటును ఇంగ్లీషున 'ప్యాచ్' అందురు. అనగా మన మాసికయే. ఈ పేరు కేవలము ఉపమానముగా పుట్టినది కాదు. తొలినాటి యంత్రములకు ఆజ్ఞలను కాగితపు పట్టీలమీద రంధ్రములు పొడిచి అందించెడివారు. రంధ్రము తప్పుగా పడినచో దానిపై చిన్న కాగితపు ముక్క నంటించి మూసెడివారు. 1944లో హార్వర్డు విశ్వవిద్యాలయమున నెలకొల్పిన మార్క్ 1 యంత్రమునకు అట్టి పట్టీలనే వాడిరి. ఆనాటి మాసిక తప్పును దిద్దుటకే గాని దొంగ నాపుటకు కాదు. యంత్రములను ఒకదానితో నొకటి తంతులతో కలిపిన తరువాతనే ఒక యింటి చిల్లు ఊరికెల్ల చేటైనది. 1988 నవంబరు 2వ తేదీన అమెరికాలో ఒక విద్యార్థి విడిచిన 'పురుగు' వేలకొలది కంప్యూటర్లను స్తంభింపజేసినప్పుడు ఈ సంగతి పండితులకు తెలిసివచ్చినది. తక్కిన లోకమునకు తెలియుటకు మరి పదునైదేండ్లు పట్టెను.

2003 జనవరి 25, శనివారము. మన గడియారములలో ఉదయము 11 గంటల వేళ 'స్లామర్' అను పురుగు బయలుదేరినది. దాని పరిమాణము 376 బైట్లు. తెలుగున ఒక మోస్తరు వాక్యము వ్రాయుటకు పట్టునంత చోటు. తొలి నిమిషమున ఎనిమిదిన్నర సెకండ్ల కొకసారి రెట్టింపగుచు, పది నిమిషములు గడచులోపల తనకు లొంగదగిన యంత్రములలో నూటికి తొంబదింటిని పట్టుకొన్నది. అమెరికాలో ఒక పెద్ద బ్యాంకు యొక్క పదమూడువేల నగదు యంత్రములు నిలిచిపోయినవి. ఒకచోట అత్యవసర సహాయమునకు వచ్చు టెలిఫోను పిలుపులను ఉద్యోగులు కాగితముమీద వ్రాసికొనవలసి వచ్చినది. ఈ పురుగు దూరిన చిల్లునకు మాసిక 2002 జులైలోనే, అనగా ఆరు నెలలకు ముందే సిద్ధమై యున్నది. దానిని తయారుచేసిన మైక్రోసాఫ్టు సంస్థవారి సొంత యంత్రములలోనే కొన్నిటికి అది వేయబడలేదు! వైద్యుని యింట మందు అలమారులోనే ఉండిపోయినట్లయినది.

ఆ యేడు అక్టోబరునుండి ఆ సంస్థ తన మాసికలను నెలకొకసారి, రెండవ మంగళవారమున, కలిపి విడుదల చేయు పద్ధతి నవలంబించినది. ఇందు ఒక చిక్కు గలదు. మాసిక వెలువడుటయే చిల్లు ఎక్కడ నున్నదో లోకమునకు చాటుట. పాత ప్రతిని, క్రొత్త ప్రతిని ప్రక్కప్రక్కన పెట్టి సరిచూచినచో దొంగకు దారి దొరకును. కావున 'తరువాత' అనువాడు నిన్నటి స్థితిలో నుండుట లేదు. నిన్నటికంటె హెచ్చు అపాయములో నున్నాడు.

దీనికి 2017వ సంవత్సరమే సాక్ష్యము. మార్చి 14న మాసిక వెలువడినది. ఏప్రిల్ 14న ఆ చిల్లున దూరుటకు పనికివచ్చు సాధనమును ఒక ముఠా బహిరంగపరచినది. మే 12న 'వన్నాక్రై' వచ్చినది. అది దస్త్రముల నన్నిటిని తాళము వేసి, తాళపుచెవికి మూడువందల డాలర్లు అడిగినది. సుమారు నూటయేబది దేశములలో రెండులక్షలకు పైగా యంత్రములు దాని పాలైనవి. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖవారి కంప్యూటర్లు కొన్ని వానిలో నుండెను. ఇంగ్లండులో 236 ప్రభుత్వ వైద్య ట్రస్టులలో 80 దెబ్బతిన్నవి. రద్దయిన రోగుల దర్శనములు, శస్త్రచికిత్సలు పందొమ్మిదివేలకు పైబడి యుండునని ఆడిటు వారి అంచనా. పాత యంత్రములవలననే ఇంత జరిగెనని పలువురు తలచిరి. కాని విచారణలో తేలినది వేరు: చెడినవానిలో హెచ్చుభాగము మాసిక వచ్చుచున్న యంత్రములే, వేసినవారు లేరు. రెండు నెలల వ్యవధి యున్నది, హెచ్చరికలును అందినవి.

ఇక శంకించువారి పక్షము వినవలెను. 2010 ఏప్రిల్ 21న మెకాఫీ అను రక్షణ సంస్థవారి దిద్దుబాటు, విండోస్‌కు ప్రాణప్రాయమైన దస్త్రమునే వైరస్ అని భ్రమించి తొలగించినది. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ సంస్థ పంపిన దిద్దుబాటు ఎనుబదియైదు లక్షల యంత్రములను కూలదోసినది. ఆనాడు హైదరాబాదు విమానాశ్రయమున బోర్డింగు పాసులను చేతితో వ్రాసి యిచ్చిరి. దానిని ఉపసంహరించుటకు పట్టినది 78 నిమిషములే, కాని అది ఒక్కమారుగా అందరికిని చేరిపోయినది. పెద్ద కార్యాలయములవారు మొదట పది యంత్రములపై పరీక్షించి, రెండుమూడు దినములు చూచి, పిమ్మట తక్కినవానికి వేయుదురన్నచో నాకు అభ్యంతరము లేదు. గృహస్థునకు అట్టి పది యంత్రములు లేవు, పరీక్షించు ఉద్యోగియు లేడు. అతడు తన దస్త్రములకు వేరొక ప్రతి దాచుకొని, వచ్చిన దినముననే మాసిక వేసికొనుట మేలని నా యభిప్రాయము.

ఈ వాదమునకు పూర్తిగా లొంగని యుదంతము కూడ ఒకటి కలదు. 2017 జూన్ 27న ఉక్రెయిన్ దేశమున పన్నుల లెక్కలకు వాడు ఒక సాఫ్ట్‌వేరు యొక్క అప్‌డేటులోనే శత్రువులు విషము కలిపి పంపిరి. లోన బడిన విషము వన్నాక్రై దూరిన చిల్లుననే ప్రాకినది. చిల్లు మూసినచోట సంకేతపదములను దొంగిలించి ప్రాకినది. మెర్స్క్ అను గొప్ప నౌకా సంస్థకు చెందిన యంత్రములు ప్రపంచమంతటను చచ్చిపడినవి. పదిదినములలో నలుబదియైదువేల కంప్యూటర్లను వారు తిరిగి సిద్ధము చేయవలసి వచ్చినది. వారి వ్యవస్థకు మూలమైన పట్టిక గల సర్వర్లన్నియు నశింపగా, ఆఫ్రికాలోని ఘనా దేశపు కార్యాలయమున ఒక్కటి మాత్రము మిగిలినది. దాడి వచ్చుటకు కొంచెము ముందు అక్కడ కరెంటు పోయినది.