ఇండుపగింజ

పల్నాటి అచ్చంపేటకు ఉత్తరమున కృష్ణానది ప్రవహించుచున్నది. కుళాయిలు లేని రోజులలో వరద వచ్చినచో ఏటి ఒడ్డు ఇల్లాలికి పెద్ద చిక్కే. బిందె నిండ నీరున్నను అది బురదనీరు. త్రాగుటకు వీలు లేదు.

దీనికి మన పెద్దలెరిగిన విరుగుడు ఇండుపగింజ. దీనినే చిల్లగింజ యనియు, సంస్కృతమున కతకమనియు అందురు. సుశ్రుతసంహిత నీటిని తేర్చు వస్తువుల నేడింటిని పేర్కొన్నది. అందు మొదటిది ఇదియే. అయితే చెట్టు పేరు తలచినంతనే నీరు తేరదని మనుస్మృతి హెచ్చరించినది. గింజను కుండ లోపలి గోడకు అరగదీసి, నీరు పోసి, రాత్రి కదపక ఉంచవలెను. మట్టి రేణువులు ఋణవిద్యుదావేశము కలవి. అందుచే ఒకదానినొకటి నెట్టుకొనుచు నీట తేలియాడును. గింజలోని పదార్థము వానిని ముద్దగట్టించి అడుగునకు దింపును. తెల్లవారునప్పటికి పైన తేటనీరు నిలుచును.

ఇంతటితో పని తీరినదనుకొనరాదు. 1884లో కలకత్తాలో జనులు త్రాగు చెరువునీటియందు రాబర్ట్ కాక్ కలరా క్రిములను కనుగొనెను. తేటనీరెల్ల మంచినీరు కాదు. గింజ బురదను దింపునే కాని క్రిములనన్నిటిని చంపజాలదు. నీటిని కాచవలెనని సుశ్రుతసంహితయే చెప్పుచున్నది. కావున వరదనాడు గింజ చేతికందినను, తేర్చిన నీటిని పొయ్యిమీద మరిగించుట మనము మఱవరాదు.