కొయ్యనేల పనితనము

ఫ్రాన్సు దేశమున వెర్సాయి రాజసౌధమును చూడబోవువారు తల పైకెత్తి నడుతురు. చిత్రములు, అద్దములు, బంగారుపూత అన్నియు పైననే కలవు. వడ్రంగిపని తెలిసినవాడు మాత్రము క్రిందికి చూచును. అక్కడి ఓక్ కొయ్యనేలలో, ఒక పెద్ద పొరపాటును దిద్దుకొనిన చరిత్ర యున్నది.

పదునాలుగవ లూయీ రాజు ఆ సౌధమును పెంచి కట్టించినపుడు మేడమీది గదులలో చలువరాయి పరపించిరి. రాజు అంతస్తునకు అదియే తగినదని తలచిరి. చలువరాతిని తఱచు కడుగక తప్పదు. కడిగిన నీరు రాళ్ల సందులనుండి దిగి, క్రింద మోయుచున్న దూలములను కుళ్ళజేసెను. పైనుండి చూచువారికి ఏ లోపమును లేదు. నేల మెరయుచునే యుండెను. 1684లో ఆ రాళ్లను తొలగించి, కొయ్య చట్రముల నేలను వేయించుటకు పూనుకొనిరి. ఆ అమరికకు నేటికిని వెర్సాయి పేరే వాడుకలో నున్నది.

ఒక్కొక్క చట్రము ఇంచుమించు ఒక మీటరు చదరము. లోపలి ముక్కలు చాప అల్లికవలె ఒకదాని కొకటి అడ్డముగా సాగును. వానిని కుసి, బెజ్జములతో కూర్చి కొయ్యచీలలతో బిగింతురు. ఇంత శ్రమ ఎందులకని అడుగవచ్చును. చెట్టును కొట్టి పలకలుగా కోసినను కొయ్య నీటిని పీల్చుట మానదు. మన ఇండ్లలో నాపరాయియో గచ్చో తప్ప కొయ్యనేల అరుదు. అయినను వానకాలమున తలుపు బిగిసి, గుంజినగాని రాకపోవుట ఎరుగని ఇల్లాలు లేదు. కొయ్య పొడవున పెరుగుట అతిస్వల్పము, వెడల్పుననే పెరుగును. అందును, మ్రానులోని వలయముల వెంబడి కలుగు మార్పు, నడిమినుండి వెలుపలికి కలుగు మార్పునకు సుమారు రెండింతలు. ముక్కలు చిన్నవై, దిక్కులు మారుచుండిన, ఒక్కొక్కటి కదలునది కొంచెమే. ఆ కొంచెమును కుసి తనలో నిముడ్చుకొనును. రాతినేల విషయమున మరచిన తేమను, కొయ్యనేల విషయమున ముందుగనే లెక్కలోనికి తీసికొనిరన్నమాట.

ఈ కూర్పును ఆండ్రే జాకబ్ రూబో అను పారిసు వడ్రంగి, 1769 మొదలు వెలువడిన తన వడ్రంగి విద్యాగ్రంథమున బొమ్మలతో వివరించెను. ఆయన తండ్రియు తాతయు వడ్రంగులే. రంపము పట్టిన చేతితోనే కలము పట్టినవాడగుటచే ఆ పుస్తకమునకు నేటికిని విలువ తగ్గలేదు.

ఇక నేటి ఇంటియజమాని సంగతి. పనివారు సొమ్ము పుచ్చుకొను దినమున ఏ కొయ్యనేలయైనను అందముగనే యుండును. మంచిచెడ్డలు తేల్చవలసినదియు ఆనాడే. కావున మెరుగును చూచి మురియుటకన్న ప్రశ్నించుట మేలు. పలకలు వచ్చిన నాడే పరచిరా, ఆ ఇంటి గాలికి అలవాటుపడనిచ్చిరా? పలకల తేమను, అడుగునేల తేమను పరికరముతో కొలిచిరా? గోడవద్ద సుమారు 10 మిల్లీమీటర్ల సందు విడిచిరా? గోడ మొదట కొట్టు పట్టె ఆ సందును కప్పుటకే. పట్టెను గోడకు కొట్టవలెనుగాని నేలకు కొట్టరాదు. సందు లేనిచో తేమకు ఉబ్బిన పలకలు గోడను తన్ని, గది నడుమ పైకి లేచును.

ఎండకాలమున పలకల నడుమ సన్నని సందులు సమముగా కనబడిన తప్పుపట్టనక్కరలేదు. వానలకు అవి మూసికొనును. అన్నియు బిగువుగా నుండి ఒక్కచోట మాత్రము పెద్దసందు విడిన అనుమానింపవలెను. సాయంకాలమున కిటికీనుండి ఏటవాలుగా పడు ఎండలో చూచిన, నున్నన చేయుటలోని ఎగుడుదిగుడులు దాగవు.

అన్నిటికన్న మోసకరమైనది ఇంకొకటి. అడుగున తేమ యున్నచో పలక అడుగుభాగము ఉబ్బి, అంచులు లేచి, నడుమ పళ్లెమువలె గుంటపడును. యజమాని ఫిర్యాదు చేయును. తొందరపాటు పనివాడు యంత్రముతో ఆ అంచులను అరగదీసి చదును చేసి పోవును. నాలుగు నెలలకు అడుగుతేమ ఆరును. అరగిన అంచులు దిగిపోయి, ప్రతిపలకయు నడుమ మూపువలె ఉబ్బి నిలుచును. తొలి లోపము ఆరిన తగ్గవచ్చును గాని, రెండవదానిని పనివాడే తెచ్చిపెట్టెను. తేమ వచ్చు దారిని మూసి, ఆరువరకు ఓపికపట్టుటయే సరియైన పద్ధతి. అట్లు చెప్పగల పనివాడు దొరికిన, వాని కూలి కొంచెము ఎక్కువైనను బేరమాడరాదని నా అభిప్రాయము.

ధ్వనితో బ్రతుకు మావంటివారికి చెవియు ఒక సాక్షియే. ఒకప్పుడు ఒక సభామందిరమున కచేరీని రికార్డు చేయబోయితిమి. వేదికకు క్రొత్తగా కొయ్యనేల వేసిరి, అద్దమువలె నుండెను. మృదంగ విద్వాంసుడు మోకాలు సర్దుకొనినప్పుడెల్ల ఒక పలక కిర్రుమనెను. సభికులకు వినబడలేదు, మైకునకు వినబడెను. అడుగున పట్టెకును పలకకును నడుమ వెలితి యుండి, మేకు వెంబడి పలక జారుచుండుటయే కారణము. ఆనాటికి జంబుఖానా మడిచి వేసి గడుపుకొంటిమి.

జపానులోని క్యోటో నగరమున, 1603లో తొకుగావా ఇయెయాసు కట్టించిన నిజో కోటలో ఇట్టి ధ్వనికే కీర్తి వచ్చినది. అక్కడి నినోమారు సౌధపు వసారాలలో అడుగుపెట్టిన పిట్ట కూసినట్లు వినబడును. శత్రువు రాకను తెలుపుటకే ఆ నేలను అట్లు చేసిరని చాలకాలముగా కథ కలదు. కోటను కాపాడువారి వివరణ వేరు. పలకలను దూలములకు బిగించిన ఇనుపబద్దలు, మేకులు కాలక్రమమున సడలి, ఒకదానితో నొకటి రాచుకొనుటచే ఆ ధ్వని పుట్టుచున్నదట. చూడవచ్చినవారు నేటికిని పాదరక్షలు విడిచి, ఆ పలకలపై నడుచుచు, తమ అడుగుల చప్పుడునకు చెవియొగ్గి నిలుతురు.