తలెత్తి చూడొద్దు

ఇందాక భోగి మంటలో వెదురు కణుపు ఫట్‌మని పేలితే నేను ఉలిక్కిపడి చెవులు మూసుకున్నాను. మీరంతా నవ్వారు. నవ్వండర్రా, తప్పులేదు. మీ ఈడులో నేనూ ఒకరిని చూసి ఇలాగే నవ్వాను. ఆ ముచ్చట ఇవాళ చెప్పేస్తాను. నెగడు దగ్గరికి జరగండి.

అది 1942. నాకు ఎనిమిదేళ్లు. మాది విశాఖపట్నం పాతూరు. మా నాయన హార్బర్లో కలాసీ. ఆ హార్బరు 1933లో తెరిచారు, దాని ఈడూ నా ఈడూ ఇంచుమించు ఒకటే. ఆ ఏడు ఎండలు ముదరకముందే రంగూను నుంచి మా చిన్నమ్మ మా ఇంటికి వచ్చింది.

అప్పట్లో బతుకుతెరువంటే మనవాళ్లకి రంగూనే. రేవులో మూటలు మొయ్యడానికి, బియ్యం మిల్లుల్లో పనికి ఓడెక్కి వెళ్లిపోయేవారు. కోరంగి రేవు పేరు మీద అక్కడ తెలుగువాళ్లని కోరంగీలనేవారు. 1941 డిసెంబరు 23న జపానువాళ్లు ఆ ఊరి మీద బాంబులేశారు. ప్రాణం దక్కినవాళ్లు వేలమంది కాలినడకన ఇంటిదారి పట్టారు. చిన్నమ్మ అరకాను కొండలు దాటి, చిట్టగాంగు చేరి, కలకత్తాలో రైలెక్కి వాల్తేరు స్టేషన్లో దిగింది. చిన్నాన్నని దారిలోనే కలరా తీసుకుపోయింది.

ఎవరేం అడిగినా ఆవిడ చెప్పేది ఒకటే మాట. "విమానాలొస్తే తలెత్తి చూడొద్దు. రంగూన్లో వీధుల్లోకొచ్చి ఆకాశంకేసి చూస్తూ నిలబడ్డవాళ్లే ఎక్కువమంది పోయారు." రేవులో ఓడ కూత వేస్తే చాలు, మమ్మల్ని మంచం కిందకి తోసేసేది. మతి చెదిరిందని వీధిలో ఆడవాళ్లు చెవులు కొరుక్కునేవారు. మేం గుంటలం అంతకంటే పాపిష్టివాళ్లం. చేతులు బార్లా చాపి, నోటితో మోత పెట్టుకుంటూ ఆవిడ చుట్టూ తిరిగేవాళ్లం. ఆవిడ వణికితే మాకు ఆట. అందరికంటే గట్టిగా అరిచింది నేనే.

ఆ నెలల్లో యుద్ధం సముద్రం మీదుగా దగ్గరికొచ్చేసింది. మార్చి 8న రంగూను పడిపోయింది. 23న అండమాన్లు పోయాయి. ఏప్రిల్ 5, ఈస్టరు ఆదివారం నాడు కొలంబో మీద దాడి జరిగింది. అదే సమయంలో ఓజావా అనే జపాను అడ్మిరలు ఇంకో నౌకాదళంతో మన బంగాళాఖాతంలోకి చొరబడ్డాడు. బ్రిటిషువాళ్లు తమదే అనుకున్న నీళ్లవి. అక్కడ కొద్దిరోజుల్లోనే ఇరవైకి పైగా సరుకు ఓడల్ని ముంచేశాడు. అతని దగ్గర ర్యూజో అనే విమానవాహక నౌక ఉండేది. ఇవన్నీ నేను పెద్దయ్యాక చదివి తెలుసుకున్నవి. ఆ రోజు మాకు తెలిసింది మోత ఒక్కటే.

ఏప్రిల్ 6, సోమవారం. ఎండ మండిపోతోంది. యారాడ కొండ మీదుగా ఏదో గుయ్యిమంటూ వచ్చింది. "విమానం, విమానం!" అని గుంటలమంతా వీధిలోకి పరిగెత్తాం. నేను నుదుటికి చెయ్యి అడ్డం పెట్టుకుని పైకి చూస్తున్నాను. వెనకనుంచి ఎవరో నన్ను మెడపట్టి కాలవలోకి పడేశారు. మీద బరువు పడింది. చిన్నమ్మ. నా ముఖాన్ని బురదలోకి అదిమి పట్టుకుంది. నేల కింద ఎవరో రోకలితో పోటు వేసినట్టయింది. హార్బరు వైపు పొగ లేచింది. మా నాయన అటే ఉన్నాడు.

దీపాలు పెట్టే వేళకి నాయన నడుచుకుంటూ వచ్చాడు, ఒళ్లంతా దుమ్ము. మా అమ్మ ఏడవలేదు, గుమ్మంలో కూలబడిపోయింది. కాకినాడ మీదా అదే రోజు బాంబులు పడ్డాయని తర్వాత తెలిసింది.

ఇక ఊరు నిలవలేదు. ఉన్నవాళ్లు ఎడ్లబళ్ల మీద, లేనివాళ్లు నెత్తిన మూటలతో, సింహాచలం వైపు, కొత్తవలస వైపు కదిలిపోయారు. అన్నం ఉడుకుతున్న కుండని పొయ్యి మీదే ఒగ్గేసి వెళ్లినవాళ్లున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయమే గుంటూరుకి తరలిపోయింది. అప్పుడు పడి పేలని బాంబొకటి బీచి రోడ్డులోని విశాఖ మ్యూజియంలో ఉంది. ఈసారి వెళ్లినప్పుడు చూడండి.

మేం శృంగవరపుకోట అవతల అమ్మమ్మగారి ఊరు చేరాం. అరుగు మీద కూర్చోబెట్టి, ఊరంతా చుట్టూ మూగి కథలు అడిగింది. మా అమ్మ చెప్పబోయి మధ్యలో ఆగిపోయేది. వినేవాళ్లలో ఇద్దరు ముగ్గురు ముఖాలు చూసుకునేవారు. ఆ చూపు నేనెరుగుదును. మా వీధిలో చిన్నమ్మ మాట్లాడుతున్నప్పుడు అందరూ అలాగే చూసుకునేవారు.

ఒకరోజు పెరట్లో ఎవరో ఖాళీ గంగాళం జారవిడిచారు. నాకేం తెలియలేదు, కళ్లు తెరిచేసరికి మంచం కింద ఉన్నాను. ఆ ఊరి పిల్లలు గుమ్మంలో నిలబడి విరగబడి నవ్వుతున్నారు. ఒకడు చేతులు బార్లా చాపి మోత పెట్టాడు.

చిన్నమ్మ వాళ్లని కసరలేదు. నన్ను బయటికి రమ్మనలేదు. చీర కుచ్చిళ్లు దగ్గరికి తీసుకుని, వంగి, తనూ మంచం కిందకి వచ్చి నా పక్కన కూర్చుంది. నా వణుకు తగ్గేదాకా చెయ్యి పట్టుకునే ఉంది.