రిట్జ్ హోటలు: ఒక పాత ఇంటి కథ

హైదరాబాదు రిట్జ్ హోటలును మన పెద్దలలో చాలామంది రోడ్డుమీద నుంచి చూచినవారే. లోపలికి వెళ్లి చాయ్ తాగే స్తోమతు మనలో ఎందరికి ఉండేది? అయినా ఆ ఇంటి చరిత్రలో మనం తెలుసుకోవలసిన సంగతి ఒకటున్నది.

ఆదర్శనగర్ దాపున, నౌబత్ పహాడ్ దగ్గర 1915లో ఆ ఇంటిని కట్టించినవారు సర్ నిజామత్ జంగ్ బహదూర్. కేంబ్రిడ్జిలోని ట్రినిటీ కాలేజీలో చదివి, బారిస్టరై తిరిగివచ్చి, నిజాం రాజ్యంలో హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి అయినారు. ఇంగ్లీషులో కవిత్వం కూడా వ్రాసేవారు. తాము చదివిన కాలేజీ పోలికలోనే బురుజులు పెట్టి కట్టించుకొన్నారని చెబుతారు. ఇంటికి హిల్ ఫోర్ట్ అని పేరు. సుమారు పదిహేనేళ్లు ఉన్న తరువాత ఆ ఇల్లు నిజాం ప్రభుత్వపరమైంది.

ఆపైన ఏడవ నిజాం రెండవ కుమారుడు మొఅజ్జంజా అక్కడ కాపురమున్నారు. మనం రోజూ అనే మొజంజాహీ మార్కెట్టు ఆయన పేరు మీదిదే. ఆయన బేగం నీలోఫర్ తుర్కీ ఉస్మానీ రాజవంశపు ఆడపడుచు. 1931లో ఫ్రాన్సు దేశపు నీస్ పట్నంలో వారి నికా అయింది. ఆమెకు సంతానం కలగలేదు. ఆమె దగ్గర పనిచేసే ఒక అమ్మాయి 1949లో కాన్పు కష్టమై చనిపోయింది. ఇంకొక తల్లికి ఆ గతి పట్టకూడదని బేగంగారు పట్టుబట్టారు. 1953లో రెడ్‌హిల్స్‌లో తల్లీపిల్లల కోసం నీలోఫర్ ఆసుపత్రి వెలసింది.

1955లో హిల్ ఫోర్ట్ రిట్జ్ హోటలుగా మారింది. 1990ల చివర అదీ మూతబడింది. ఏళ్ల తరబడి ఆలనాపాలనా లేక ఇల్లు శిథిలమవుతూ వచ్చింది. కాపాడమని హైకోర్టులో వ్యాజ్యం కూడా పడింది. హైకోర్టు పెద్ద కట్టించిన ఇల్లు హైకోర్టు గడపే ఎక్కవలసి వచ్చింది చూడండి!

ఆ ఇంటిని బాగుచేయాలని మేమూ కోరుతున్నాం. అది మన నగరం ఆస్తి. కాని నవాబుల దర్బారు పోయింది, హోటలు విందులు పోయినవి. ఒక పనిపిల్ల చావుకు కార్చిన కన్నీటి నుంచి పుట్టిన ఆసుపత్రి మాత్రం నిలిచింది. ఏ మతమైనా, ఏ ఊరైనా, పేదతల్లి బిడ్డను చంకనెత్తుకొని నేటికీ అక్కడికే వెళ్తున్నది. సదకా జారియా అంటే ఇదే కదా! మన సంఘం చందా పుస్తకంలో వంద రూపాయలు వ్రాసే సోదరుడు తన సొమ్ము చిన్నదనుకోరాదు. అల్లాహ్ కబూలు చేస్తే అదీ నిలుస్తుంది.