సి.ఆర్.లో రాయని పేరు

ప్రత్యేక సంచికకు పాత సంగతులేవైనా రాయమని కార్యదర్శి గారు అడిగారు. పే రివిజన్ల చరిత్ర, డి.ఎ. బకాయిల చరిత్ర రాయగల సమర్థులు మనలో చాలామంది ఉన్నారు. అందుకని నేను వేరే విషయం ఎత్తుకుంటున్నాను. మన కాలంలో గుమాస్తాకి మంచి పేరు ఎలా వచ్చేది, ఎలా పోయేది?

నేను 1972లో ఎల్.డి.సి.గా చేరాను. ఫక్రుల్ ముల్క్ నవాబు కట్టించుకున్న ఎర్రమంజిల్, దాని చుట్టూ ఇంజనీరింగు శాఖల కార్యాలయాలు, దిగువన పంజాగుట్ట బజారు, అటు అమీర్‌పేట, సంజీవరెడ్డి నగర్. ఉద్యోగుల కాపురాలు ఎక్కువగా ఆ పేటల్లోనే. పొద్దున సెక్షన్లో పడిన మాట సాయంత్రానికి కూరగాయల బండి దగ్గరికి చేరేది. మా ఆఫీసు కూడా ఆ చుట్టుపక్కలదే, పేరు చెప్పడం అనవసరం.

కాగితం మీద పేరు అంటే సి.ఆర్. ఏడాదికొకసారి పై అధికారి రాసే ఆ కాన్ఫిడెన్షియల్ రిపోర్టు మన కంట పడేది కాదు. ప్రతికూలంగా రాస్తేనే మనకు తెలియజేసేవారు. 'గుడ్' అని రాస్తే ఎవరూ చెప్పరు. 'వెరీ గుడ్' ఉంటేగాని రాని ప్రమోషన్లకు ఆ 'గుడ్' కూడా అడ్డే. సరిహద్దు రోడ్ల సంస్థలో పనిచేసిన దేవ్ దత్ అనే ఇంజనీరుకు ఇదే జరిగింది. ఆయన కేసులోనే, ఏమి రాసినా ఉద్యోగికి తెలియజేయాల్సిందేనని సుప్రీంకోర్టు 2008 మేలో తీర్పు చెప్పింది. నేను రిటైరైంది 2007లో!

నాకు ప్రతికూలమే వచ్చింది. ఒక ఫైలు ఎన్‌క్లోజరు లేక నా దగ్గర నాలుగు నెలలు ఆగింది. పర్సనల్ రిజిస్టరులో ఎక్కించాను, రిమైండర్లు పంపాను, పైకి మాత్రం ఒక్క ముక్క చెప్పలేదు. అధికారి 'పనిలో జాప్యం' అని రాశారు. అర్జీ పెట్టుకున్నా ఆ మాట పోలేదు, నాకంటే వెనక చేరినవారు ముందు యు.డి.సి.లు అయ్యారు. అన్యాయమని మా సూపరింటెండెంటు గారి దగ్గర వాపోతే ఆయన, "ఎందుకు ఆగిందో నీకు తెలుసు, నీ బీరువాకి తెలుసు. ఇంకెవరికి తెలుసయ్యా?" అన్నారు. ఆ రోజు కోపం వచ్చింది. ఆయన పని చేసే తీరు గమనించాక తగ్గింది.

ఆయన బిల్లు వెనక్కి పంపితే అభ్యంతరాలన్నీ ఒకేసారి రాసేవారు. ఈ నెల ఒకటి, వచ్చే నెల ఇంకొకటి పెట్టి మనిషిని తిప్పడం ఆయనకు చేతకాదు. వచ్చినవాడు కంట్రాక్టరు గుమాస్తా అయినా, జిల్లా నుంచి పెన్షన్ కాగితాల కోసం వచ్చిన వర్క్ ఇన్‌స్పెక్టరు భార్య అయినా కుర్చీ చూపించి, ఫైలు ఎక్కడుందో, ఏ తారీఖుకు కదులుతుందో చెప్పేవారు. కదలకపోతే కార్డు రాసేవారు. క్యాంటీనులో మాత్రం నోరు విప్పేవారు కాదు, ఆయన టీ తాగడం కూడా ఏదో డ్యూటీలాగే ఉండేది. అందరితో కలివిడిగా తిరిగి పేరు తెచ్చుకున్న మనిషి కాదు.

ఇక 1983. జనవరిలో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం వచ్చింది. ఫిబ్రవరి 8న పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గిస్తూ జీవో వచ్చింది. 55 నిండినవారంతా ఆ నెల 28న ఇంటికి! ఒక్క సాయంత్రం 18 వేల మందికి పైగా ప్రభుత్వోద్యోగులు దిగిపోయారు. 1984లో మళ్ళీ 58 చేశారు గాని, కోర్టుకెళ్ళిన కేసులో మాత్రం తగ్గింపు చెల్లుతుందనే సుప్రీంకోర్టు 1985 జనవరిలో తేల్చింది. ఇప్పుడు తెలంగాణలో 61, ఆంధ్రప్రదేశ్‌లో 62 అని వింటుంటే ఆ 28వ తారీఖే గుర్తొస్తుంది.

మా సూపరింటెండెంటు గారికి అప్పుడు 56. పెద్దమ్మాయి పెళ్ళి వైశాఖానికి కుదిరి ఉంది. సెక్షన్లో చందాలేసుకుని శాలువా కప్పాం, అంతే చేయగలిగాం. ఆయన సి.ఆర్.లు ఎంత గొప్పగా ఉన్నా ఆ మర్నాటి నుంచి వాటిని తెరిచే వాడు లేడు. పెద్ద అధికారులెవరి ఇంటికీ ఆయన వెళ్ళలేదు. పదిహేను రోజుల్లో అమీర్‌పేటలోని ఒక కంపెనీ నుంచి లెక్కలు చూడమని కబురు వచ్చింది. పంపించింది ఎవరనుకున్నారు? ఆయన ఎన్నోసార్లు బిల్లులు తిప్పికొట్టిన ఒక కంట్రాక్టరు దగ్గర గుమాస్తా. "ఈయన కాదంటే ఎందుకు కాదో చెప్తారు" అని యజమానికి చెప్పాడట.

దీన్ని పైరవీ అన్నవాళ్ళూ లేకపోలేదు. నేను కాదంటాను. పని కావడానికి పట్టేది పైరవీ, పని అయిపోయాక మిగిలేది పరిచయం. పాత ఆఫీసులో తమ బిల్లు సంగతి కనుక్కోమని కంపెనీ వారు అడిగితే, "ఆ గుమ్మం ఒక్కటీ తప్ప" అన్నారాయన. ఉద్యోగం పోతుందేమోనని ఇంట్లో భయపడ్డారు. పోలేదు. అమ్మాయి పెళ్ళి అనుకున్న ముహూర్తానికే జరిగింది. వడ్డన దగ్గర నిలబడినవాళ్ళలో ఆ గుమాస్తా కూడా ఉన్నాడు.

తర్వాత అమీర్‌పేట రూపమే మారింది. 1990ల నుంచి మైత్రీవనం చుట్టూ కంప్యూటరు కోచింగులు వెలిశాయి. స్నేహితుడి గదిలో సర్దుకుని, కోర్సు నేర్చుకుని, వాడి చేతనే కంపెనీలో రెజ్యూమె ఇప్పించుకున్న పిల్లలు ఎందరో. దొంగ అనుభవ పత్రాలు కొన్నవాళ్ళూ ఉన్నారు. అందుకే కాబోలు, 2006లో నాస్కామ్ వారు ఐ.టి. ఉద్యోగుల వివరాలు సరిచూసే జాతీయ రిజిస్టరు పెట్టారు. మా మనవడు తన పేరు లింక్డిన్‌లో చూసుకుంటాడు. వాడి పాత మేనేజరు అక్కడ నాలుగు మంచి మాటలు రాశాడు. వాడు ముందే చదువుకున్నాడు కూడా! మా సి.ఆర్.కి ఆ భాగ్యం లేదు.

1983 ఫిబ్రవరి 28న దిగిపోయినవారిలో ఇప్పుడున్నవారు బహు కొద్దిమంది. వారి పిల్లలెవరైనా ఇది చదివితే, ఆ మర్నాడు నాన్నగారు ఏం చేశారో, ఎవరు తలుపు తట్టారో సంఘానికి రాసి పంపమని మనవి. రెండు పేజీలు చాలు, చేతిరాతైనా ఫరవాలేదు.