ఇరాన్ స్త్రీల క్రీడలు: పుట్టుపూర్వోత్తరాలు

ఇరాన్ మహిళలు ఒలింపిక్ క్రీడల్లో తొలిసారి పాల్గొన్నది 1964లో, టోక్యోలో. 1974లో టెహ్రాన్ నగరం ఆసియా క్రీడలకు ఆతిథ్యమిచ్చింది, 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో ఇరాన్ స్త్రీలు ఫెన్సింగ్, అనగా కత్తిసాము పోటీలలో దిగారు. అయితే షా చక్రవర్తుల పాలన నాటి ఈ దశను స్వర్ణయుగంగా చిత్రించడం పొరపాటు. 1936లో రెజా షా ప్రభుత్వం స్త్రీల ముసుగును బలవంతంగా తొలగింపజేసినప్పుడు సంప్రదాయ కుటుంబాలలోని ఎందరో స్త్రీలు ఇల్లు దాటి రావడమే మానుకున్నారు గనుక, ఆడవారి వస్త్రధారణపై రాజ్యం పెత్తనం చేయడం 1979 ఇస్లామిక్ విప్లవంతో మొదలైనది కాదని గుర్తుంచుకోవాలి.

విప్లవానంతరం ఆ పెత్తనం మరో దిక్కుకు తిరిగి, మరింత కఠినమైంది. తలను, మెడను కప్పే హిజాబ్ తప్పనిసరి అయింది, దానిని ధరించకుండా బహిరంగంగా తిరిగే స్త్రీకి కొరడా దెబ్బల శిక్షను 1983లో చట్టంలో చేర్చారు. 1980, 1984 ఒలింపిక్స్‌ను ఇరాన్ దేశమే బహిష్కరించగా, 1988లోనూ 1992లోనూ వెళ్లిన ఇరాన్ బృందాలలో ఒక్క మహిళ కూడా లేదు. స్త్రీల క్రీడలపై మత పెద్దల అభ్యంతరానికి పునాది 'నామహ్రమ్' అన్న భావన. ఒక స్త్రీకి తండ్రి, సోదరుడు, కుమారుడు వంటి అతిదగ్గరి బంధువులూ, భర్తా కాని ప్రతి పురుషుడూ ఆమెకు నామహ్రమ్, అంటే పరపురుషుడు. ఆటగత్తె శరీర కదలికలను పరపురుషుడు చూడరాదన్నది ఒక నియమం కాగా, పొట్టి దుస్తులలో ఆడే పురుషులను స్త్రీ చూడరాదన్నది రెండవది. ఈ రెండవ నియమం పార్లమెంటు చేసిన ఏ చట్టంలోనూ లేకపోయినా 1980ల ఆరంభం నుంచి ఫుట్‌బాల్ స్టేడియాల ద్వారాల వద్ద పోలీసుల చేత అమలవుతూ వచ్చింది.

ఈ నియమాలలోని సందును పట్టుకొని దారి వెదికిన వ్యక్తి ఫాయెజే హాషెమీ. నాటి అధ్యక్షుడు రఫ్సంజానీ కుమార్తె అయిన ఆమె, పరపురుషుని చూపే అభ్యంతరమైతే పురుషులు లేని చోట స్త్రీలు ఆడుకోవచ్చునన్న తర్కాన్ని మత పెద్దల ముందుంచి, 1993లో టెహ్రాన్‌లో ముస్లిం దేశాల మహిళల క్రీడోత్సవాన్ని జరిపించారు. క్రీడాకారిణులు తమకు అనువైన దుస్తులలో ఈదారు, పరుగెత్తారు. పురుషులకు మాత్రం ఆ పోటీల చెంతకు ప్రవేశం లేదు. లోకానికి కనిపించని విజయం ఏపాటి విజయమని విమర్శించినవారున్నారు, ఆ విమర్శలో బలమూ ఉన్నది. కాని ఆడపిల్లను వ్యాయామశాలకు పంపడానికి జంకిన సంప్రదాయ కుటుంబాలకు సైతం ఈ ఏర్పాటు ధైర్యమిచ్చిందని, తరువాతి తరం క్రీడాకారిణులకు నేలను సిద్ధం చేసిందని అంగీకరించక తప్పదు. 1996లో అట్లాంటా ఒలింపిక్స్‌కు ఇరాన్ పతాకధారిణిగా షూటర్ లిదా ఫరీమాన్ వెళ్లింది. నిండుగా దుస్తులు ధరించి ఆడగల క్రీడ గనుకనే ఆ తలుపు ముందుగా తెరుచుకున్నది.

స్టేడియం తలుపు అంత సులువుగా తెరుచుకోలేదు. 1997 నవంబర్‌లో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియాతో 2-2గా ముగిసిన మ్యాచ్‌తో ఇరాన్ ప్రపంచ కప్‌కు అర్హత పొందగా, తిరిగివచ్చిన జట్టుకు టెహ్రాన్‌లోని ఆజాదీ స్టేడియంలో జరిగిన స్వాగతోత్సవానికి ఆహ్వానం లేకున్నా వేలాది మహిళలు కాపలాను ఛేదించుకొని లోపలికి ప్రవేశించారు. 2006లో అధ్యక్షుడు అహ్మదీనెజాద్ స్త్రీలకు అనుమతి ప్రకటిస్తే, మత నాయకత్వం కొద్ది రోజులలోనే దానిని రద్దు చేయించింది. మగవేషంలో స్టేడియంలోకి వెళ్లే అమ్మాయిల కథగా జాఫర్ పనాహీ తీసిన 'ఆఫ్‌సైడ్' చిత్రం బెర్లిన్‌లో వెండి ఎలుగుబంటి పురస్కారం పొందినదీ, స్వదేశంలో నిషేధానికి గురైనదీ ఆ యేడే. 2019 మార్చిలో అదేవిధంగా మగవేషంలో వెళ్లి పట్టుబడిన సహర్ ఖొదాయారీ, కేసు నడుస్తుండగా కోర్టు వెలుపల నిప్పంటించుకొని సెప్టెంబర్‌లో మరణించింది. ఆమె అభిమాన జట్టు ఎస్తెగ్లాల్ రంగును బట్టి ప్రజలు ఆమెను 'నీలి అమ్మాయి' అని పిలుచుకున్నారు. అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఒత్తిడి పెంచగా, అక్టోబర్ 10న కంబోడియాతో జరిగిన మ్యాచ్‌కు సుమారు 3,500 మంది స్త్రీలు టిక్కెట్లు కొనుక్కొని ఆజాదీలో కూర్చున్నారు. ఒక నిండు ప్రాణం పోయేవరకు అంతర్జాతీయ సంస్థ గట్టిగా పట్టుబట్టకపోవడం క్షమింపరాని జాప్యం.

ఆడే స్త్రీకి సంకెళ్లు రెండు వైపుల నుంచీ పడ్డాయి. హిజాబ్ లేనిదే ఇరాన్ ఆడనివ్వదు, హిజాబ్‌తో అంతర్జాతీయ ఫుట్‌బాల్ సమాఖ్య ఆడనివ్వలేదు. ఫలితంగా 2011లో అమ్మాన్‌లో జోర్డాన్‌తో ఆడవలసిన ఒలింపిక్ అర్హత మ్యాచ్‌ను ఇరాన్ మహిళలు కోల్పోయారు, ఆ నిబంధన పూర్తిగా తొలగడానికి 2014 దాకా ఆగవలసి వచ్చింది. పెళ్లయిన స్త్రీకి పాస్‌పోర్ట్ ఇవ్వాలంటే భర్త సమ్మతి కావాలన్న చట్టం వల్ల 2015లో ఫుట్‌సాల్, అంటే ఇండోర్ ఫుట్‌బాల్, జట్టు సారథి నిలూఫర్ అర్దలాన్ ఆసియా పోటీలకు వెళ్లలేకపోయింది. 2017లో ప్రపంచ మహిళా చదరంగ పోటీ టెహ్రాన్‌లో జరిగినప్పుడు తలకు వస్త్రం తప్పనిసరి అన్న షరతును నిరసించి అమెరికా క్రీడాకారిణి నాజీ పైకిడ్జే దూరంగా ఉండగా, మన గుంటూరు క్రీడాకారిణి ద్రోణవల్లి హారిక ఆ నియమాన్ని పాటిస్తూనే ఆడి కాంస్యం సాధించింది. 2022లో హిజాబ్ నియమం పేరిట నిర్బంధానికి గురైన మహ్సా అమీనీ మరణానంతరం సాగిన ఉద్యమ కాలంలో సియోల్‌లో తల కప్పుకోకుండా గోడ ఎక్కే పోటీలో పాల్గొన్న క్లైంబింగ్ క్రీడాకారిణి ఎల్నాజ్ రెకాబీకి టెహ్రాన్ విమానాశ్రయంలో జనం స్వాగతం పలికారు. ఆ ఉద్యమ కాలంలోనే ఫాయెజే హాషెమీని ప్రభుత్వం నిర్బంధించింది.

2016 రియోలో తైక్వాండో కాంస్యంతో ఇరాన్‌కు మహిళల తొలి ఒలింపిక్ పతకం తెచ్చిన కిమియా అలీజాదే, 2020లో స్వదేశాన్ని వీడింది. 2024 పారిస్‌లో 57 కిలోల విభాగంలో ఇరాన్ తరఫున నాహిద్ కియానీ రజతం గెలవగా, బల్గేరియా తరఫున కిమియా కాంస్యం గెలిచింది. ఒకే దేశంలో పుట్టి ఒకే జట్టులో ఎదిగిన ఈ ఇద్దరు స్త్రీలు ఒకే విజయవేదికపై రెండు దేశాల ప్రతినిధులుగా నిలవడానికి కారణం వారి ఆట కాదు, వారిని పాలించిన ప్రభుత్వం.