మామగారి జీపు పద్దు పుస్తకం

మా ఇంట్లో రెండు పద్దు పుస్తకాలు ఉండేవి. ఒకటి నాది. పాలు, కూరలు, పనమ్మాయి జీతం, గ్యాస్ బండ అందులో రాసుకునేదాన్ని. రెండోది మా మామగారిది, అచ్చంగా జీపు కోసమే. ఎర్ర అట్ట, లోపల ప్రతి పేజీ మీదా గ్రీజు వేలిముద్రలు. ఏ రోజు ఏది పోయింది, ఎంతయింది, మళ్ళీ ఎప్పుడు చూడాలి, అన్నీ అందులో రాసేవారు. పోయిన ఏడాది ఆయన కాలం చేశాక ఆ పుస్తకం నా చేతికి వచ్చింది. మాసికం కూడా కాకముందే మావారు, "ఇక ఆ బండిని తుక్కుకి ఇచ్చేద్దాం" అన్నారు. అత్తయ్య ఏమీ మాట్లాడలేదు. మజ్జిగ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్ళిపోయారు.

ఆవిడ మౌనం చూశాకే నేను ఆ పుస్తకం తీసి చదవడం మొదలుపెట్టాను.

మొదటి పేజీలో "1998, వేలంలో కొన్నది. మహీంద్రా ఎంఎం 540, 1990 మోడల్" అని ఉంది. ఏదో ప్రభుత్వ ఆఫీసులో అరిగిపోయిన బండి అది. మన చిన్నప్పుడు ఊళ్ళోకి జీపు వచ్చిందంటే ఆఫీసరు వచ్చినట్టే కదా! 1952 అక్టోబరు 2న దేశంలో సమాజ వికాస పథకం మొదలయ్యాక బ్లాకు ఆఫీసు, బీడీఓ, జీపు ఒకే మాటలా కలిసిపోయాయి. టీకాల వాళ్ళు, కుటుంబ నియంత్రణ వాళ్ళు, ఎన్నికల వాళ్ళు అందరూ దాంట్లోనే దిగేవారు.

అసలు జీపు పుట్టింది యుద్ధం కోసం. 1941 నుంచి అమెరికాలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి యుద్ధం ముగిసేలోపు ఆరు లక్షలకు పైగా తయారుచేశాయి. మన దగ్గర 1945లో మహీంద్రా అన్నదమ్ములు, మాలిక్ గులాం మహమ్మద్ కలిసి ఉక్కు వ్యాపారానికి ఒక కంపెనీ పెట్టారు. దేశ విభజన తర్వాత ఆయన పాకిస్తాన్ వెళ్ళి ఆ దేశపు మొదటి ఆర్థిక మంత్రి అయ్యారు. 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రా అయింది. బొంబాయి మజ్‌గావ్‌లో విల్లీస్ జీపులు బిగించడం ఆ రోజుల్లోనే మొదలైంది.

మన హైదరాబాదుకూ దీంతో ఒక చుట్టరికం ఉంది. ఆల్విన్ ఫ్రిజ్ గుర్తుందా? మా అమ్మ పుట్టింట్లో ఉండేది, తలుపు వేస్తే వీధి చివరికి వినిపించేది. 1942లో నిజాం కాలంలో మొదలైన ఆ ఆల్విన్ కంపెనీ, తర్వాత జపాన్ నిస్సాన్‌తో కలిసి జహీరాబాద్‌లో చిన్న లారీలు చేసింది. 1989లో ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్ళింది. మా జీపు అక్కడ పుట్టింది కాదు. కానీ మామగారి సొంతూరు ఆ దారిలోనే. ఆ గేటు దాటిన ప్రతిసారీ, "ఇది మన జీపు మేనత్తగారిల్లు" అనేవారు.

1998 నవంబరు 22న వాజ్‌పేయి గారు సైబర్ టవర్స్ ప్రారంభించారు. మరుసటి ఏడాది నేను కోడలిగా కొండాపూర్ వచ్చాను. అప్పుడు మా వీధికి తారు లేదు. రెండు వందల యాభై కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు గుండ్లు, వాటి మధ్య ఎర్రమట్టి బాట, వాన పడితే బురద. ఆ దారికి జీపే సరిపోయేది. గేరు రాడ్ పక్కన రెండు చిన్న రాడ్లు ఉండేవి. ఒకటి వేస్తే నాలుగు చక్రాలూ లాగుతాయి, రెండోది వేస్తే వేగం తగ్గి బలం పెరుగుతుంది. మా ఇంటి పునాది రాళ్ళు, సిమెంటు, చివరికి నా పుట్టింటి బీరువా కూడా దాంట్లోనే వచ్చాయి.

ఇక రిపేర్లు. కమాన్ పట్టీలకూ జాయింట్లకూ గ్రీజు నెలకోసారి. చలికాలం పొద్దున ఇంజను కదలాలంటే ముందు హీటర్ ప్లగ్గులు వేడెక్కాలి. మామగారు తాళం తిప్పి, ఒకటి నుంచి ఇరవై దాకా లెక్కపెట్టి అప్పుడు స్టార్ట్ చేసేవారు. మా అమ్మాయి అంకెలు నేర్చుకుంది అలాగే. 2003లో హెడ్ గ్యాస్కెట్, 2007లో క్లచ్ ప్లేటు. 2009లో ఇంజను బోరుకొచ్చింది. ఆ నెల నా పుస్తకం తీసి చూస్తే కూరల ఖర్చు సగమే ఉంది. రెండు పుస్తకాలూ పక్కపక్కన పెడితే గానీ మా ఇంటి కథ పూర్తికాదని అప్పుడు తెలిసింది.

2001లో ఒకచోట "మెట్టు: 350" అని మాత్రమే ఉంది. అత్తయ్యని అడిగాను. ఆవిడ నవ్వి, "నేను పడ్డానుగా" అన్నారు. పెళ్ళికి వెళ్తూ పట్టుచీర కుచ్చిళ్ళు కాలికి చుట్టుకుని జీపు ఎక్కబోతూ పడ్డారట. మర్నాడే మామగారు ఇనుప మెట్టు వెల్డింగు చేయించారు. సైనికుడి కాలు కోసం కట్టిన బండి అది, చీర కోసం కాదు. ఆ తర్వాత వచ్చిన మార్పులన్నీ ఇంట్లో ఆడవాళ్ళ కోసం, పిల్లల కోసమే కనిపించాయి. వానకి పక్క తెరలు అత్తయ్యే టార్పాలిన్‌తో కుట్టారు. పట్టుకోవడానికి కడ్డీ వచ్చింది, వెనక సీట్లకు బెల్టులు వచ్చాయి. లైట్లకు రిలే పెట్టించారు. అది ఉంటే కరెంటు మొత్తం స్విచ్చి గుండా పోదు, స్విచ్చి కాలదు, దీపం కాంతిగా వెలుగుతుంది.

"బండి పనులు మగవాళ్ళవి" అనే మాట మా ఇంట్లో చెల్లలేదు. పానాల సంచీ అత్తయ్య దగ్గరే ఉండేది. ఎవరైనా ఆ మాట అంటే మామగారు ఇంగ్లండు రాణి కథ చెప్పేవారు. 1945లో ఆవిడ యువరాణిగా ఉన్నప్పుడు సైన్యంలో చేరి డ్రైవరుగా, మెకానిక్కుగా శిక్షణ తీసుకుంది. అది నిజమే.

2020 అక్టోబరు వానలు మరిచిపోలేం. మా వీధిలో కార్లు మునిగాయి. మామగారు జీపు తీసి పక్క వీధి గర్భిణిని ఆసుపత్రికి చేర్చారు. ఇంటికొచ్చాక ఆయన చేసిన మొదటి పని యాక్సిల్ ఆయిల్ చూడటం. అది పాలు కలిపిన టీ రంగులో ఉంది, అంటే లోపలికి నీళ్ళు వెళ్ళాయన్నమాట. మొత్తం తీసి కొత్తది పోశారు. తడిసిన డ్రమ్ము బ్రేకులు పట్టవు కాబట్టి, మెల్లగా నడుపుతూ బ్రేకు కొద్దికొద్దిగా తొక్కి ఆరబెట్టాలని ఆ రోజే నాకు నేర్పారు.

కథ ఎంత బాగున్నా మావారి మాటలో న్యాయం ఉంది. పాత బండి, ఎయిర్‌బ్యాగులు లేవు. హైటెక్ సిటీ ట్రాఫిక్‌లో అడుగడుగునా ఆగుతుంటే రేడియేటర్ కాగిపోతుంది. పోయిన వేసవిలో ఫ్లైఓవర్ దిగుతుంటే బ్రేకు పెడల్ మెత్తగా లోపలికి పోయింది. అంతకు నెల క్రితమే ఒక షెడ్డులో డబ్బు తీసుకుని, మార్చామని చెప్పిన బ్రేకు పైపు అసలు మార్చనేలేదు. మావారు హ్యాండ్ బ్రేకు లాగారు కాబట్టి బతికాం. ఆ రాత్రి నాకూ తుక్కే నయమనిపించింది.

మర్నాడు అత్తయ్య నోరు విప్పారు. "ఉంచితే బాగుచేయించి ఉంచండి. లేకపోతే ఇచ్చేయండి. సగం సగం పని ఆయనకి నచ్చేది కాదు." దాంతో నిర్ణయం అయిపోయింది. వేరే మేస్త్రీ దగ్గర బ్రేకులు మొత్తం కొత్తవి వేయించాం. ఈసారి మార్చిన ప్రతి పాత పార్టూ నా చేతిలో పెట్టమన్నాను. మీరూ అలాగే అడగండి.

కాగితాల సంగతి కూడా చెబుతాను, అవసరపడొచ్చు. బండి యజమాని చనిపోతే 30 రోజుల్లో ఆర్టీఏకి తెలియజేయాలి, మూడు నెలల్లోపు ఫారం 31తో వారసుల పేరుకి మార్పించుకోవాలి. పదిహేనేళ్ళు దాటిన సొంత బండికి ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యూవల్ ఫారం 25. దుఃఖంలో ఈ గడువులు ఎవరికీ గుర్తుండవు, అందుకే రాస్తున్నాను.

ఎవరి పేరు మీద మార్చాలన్నప్పుడు మావారు తన ఆధార్ తీశారు. నేను అత్తయ్య ఆధార్ ముందుకు జరిపాను. డెబ్బై రెండేళ్ళకి మొదటిసారి ఒక బండి ఆవిడ పేరున వచ్చింది.

ఇప్పుడు ఆదివారం పొద్దున, ట్రాఫిక్ మొదలవకముందు, దుర్గం చెరువు దాకా వెళ్ళొస్తాం. వచ్చే రెన్యూవల్‌కి దీన్ని ఉంచుతామో లేదో చెప్పలేను. ఖర్చు మళ్ళీ లెక్క చూసుకోవాలి. పోయిన నెల గ్రీజు, ఆయిల్ ఖర్చు మాత్రం ఎర్ర పుస్తకంలోనే రాశాను, ఆయన చివరి పద్దు కింద.